యాభై వేల ల్యాప్‌టాప్‌లో కంపెనీ ఎక్కడ మిగుల్చుకుంది?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి క్లాసులు మొదలయ్యే రోజుల్లో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఏ షాపులోకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో ఏ సేల్ తెరిచినా ల్యాప్‌టాప్ పక్కన కనిపించేవి నాలుగే మాటలు. ఐ5, 16 జీబీ, 512 జీబీ, ఫుల్ హెచ్‌డీ. అంటే వరసగా ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజ్, స్క్రీన్. 40 వేల నుంచి 65 వేల దాకా ఉన్న మోడళ్లు ఎక్కువగా ఈ నాలుగింటి దగ్గరే పోటీ పడతాయి. అందరూ అక్కడే పోటీ పడుతున్నారు కాబట్టి అసలు తేడా అక్కడ ఉండదు. చీటీ మీద రాయని చోట ఉంటుంది.

ఈ ధరలో అన్నీ బాగుండే ల్యాప్‌టాప్ చేయడం ఏ కంపెనీకీ గిట్టదు. ఎక్కడో ఒకచోట తగ్గించాల్సిందే. ఆ కోత తర్వాత మార్చుకోగలిగిన భాగంలో పడిందా, మార్చుకోలేని భాగంలో పడిందా అన్నదే కొనేవాళ్లు చూడాల్సిన లెక్క. ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ చిన్నదైతే రెండేళ్లు పోయాక పెద్దది వేయించుకోవచ్చు. స్క్రీన్ మసకగా ఉన్నా, ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్నా, హింజ్ (మూతని కలిపే కీలు) బలహీనంగా ఉన్నా ఐదేళ్లూ వాటితోనే కాపురం చేయాలి.

ఇక్కడ రోజువారీ వాడకం అంటే బ్రౌజర్, వర్డ్, ఎక్సెల్, వీడియో కాల్స్, యూట్యూబ్, జీఎస్టీ రిటర్నులు, పిల్లల క్లాసులు, ఓ మోస్తరు కోడింగ్. పెద్ద గేములు, 4కే వీడియో ఎడిటింగ్ ఈ లెక్కలోకి రావు. వాటికి బడ్జెట్టూ వేరు, మెషీనూ వేరు.

పేరు ఒకటే, మెషీన్లు ఎన్నో

లెనోవో ఐడియాప్యాడ్ స్లిమ్ 3ని ఉదాహరణగా తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మన దగ్గర బాగా అమ్ముడుపోయే పేర్లలో అదొకటి. 2023 తరంలో ఇదే పేరుతో వచ్చిన 15 అంగుళాల మెషీన్ల అడుగున చిన్న అక్షరాల్లో ఉండే కోడ్‌లలో కొన్ని ఇవి: 15ఏఎంఎన్8, 15ఏబీఆర్8, 15ఐఏఎన్8, 15ఐఆర్‌యూ8, 15ఐఏహెచ్8. చూడ్డానికి అన్నీ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. లోపల మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు.

కోడ్ చదవడం కష్టమేమీ కాదు. మొదటి 15 స్క్రీన్ సైజు. తర్వాతి అక్షరం ఏ అయితే చిప్ ఏఎండీది, ఐ అయితే ఇంటెల్‌ది. ఆ తర్వాతి రెండక్షరాలు చిప్ కుటుంబం. ఎంఎన్ అంటే మెండొసినో, బీఆర్ అంటే బార్సెలో-ఆర్, ఏఎన్ అంటే ఆల్డర్ లేక్-ఎన్, ఆర్‌యూ అంటే రాప్టర్ లేక్-యూ, ఏహెచ్ అంటే ఆల్డర్ లేక్-హెచ్. చివరి అంకె మోడల్ తరం. వీటిలో 15ఐఏహెచ్8లో వచ్చే ఐ5-12450హెచ్‌కి 4 పెద్ద కోర్లు (వేగంగా లెక్కలు చేసే భాగాలు), 4 చిన్న కోర్లు ఉన్నాయి. 15ఐఏఎన్8లో వచ్చే ఐ3-ఎన్305లో పెద్ద కోర్ అన్నదే లేదు, ఎనిమిదీ చిన్నవే. రెండింటి మీదా రాసి ఉండేది ‘8 కోర్లు’ అనే. హెచ్‌పీలోనూ ఇలాంటి గుర్తులే ఉంటాయి. 15ఎస్-ఎఫ్‌క్యూ అంటే ఇంటెల్, 15ఎస్-ఈక్యూ అంటే ఏఎండీ. కాబట్టి ‘స్లిమ్ 3 బాగుంటుందా?’ అని ఎవరినైనా అడిగితే సరైన జవాబు రాదు. పూర్తి కోడ్ చెప్పి అడగాలి, రివ్యూ కూడా ఆ కోడ్‌తోనే వెతకాలి.

మోడల్ పేరు తర్వాత మోసపోయేది చిప్ నంబర్ దగ్గర. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అనే రెండు చిప్‌లున్నాయి. చూస్తే నంబర్‌లో తేడా పదే. ఏఎండీ 2022లో ప్రకటించిన నంబరింగ్ పద్ధతి ప్రకారం మొదటి అంకె మోడల్ సంవత్సరం, మూడో అంకె లోపలి కోర్ ఏ తరానిదో చెప్పేది. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2. ఆ డిజైన్ 2019 నాటిది, పైగా ఇందులో కోర్లు నాలుగే. 7530లో మూడో అంకె 3, అంటే జెన్ 3, కోర్లు ఆరు. రెండూ 2023 వరసలోనే, రెండింటికీ రైజెన్ 5 స్టిక్కరే. ఇంటెల్ ఐ3-1215యూని ‘ఐ3 కదా’ అని పక్కన పెట్టి 7520యూ తీసుకున్నవాళ్లు ఒక్కో కోర్ వేగంలో తక్కువదాన్ని ఎంచుకున్నట్టే. 2025 చివర్లో ఏఎండీ ఈ మెండొసినో కుటుంబానికి మళ్లీ పేరు మార్చి రైజెన్ 10 సిరీస్ అంది. పాత డిజైన్‌ని కొత్త పేరుతో ఇన్నిసార్లు అమ్మడం కొనేవాళ్లకి మేలు చేసే పని కాదు. దాన్ని ఇంకోలా చెప్పాల్సిన పనీ లేదు.

ఇంటెల్ కూడా తక్కువ తినలేదు. 2022 నాటి ఐ5-1235యూ, 2023 నాటి ఐ5-1335యూ, 2024లో ‘ఐ’ అక్షరం తీసేసి వచ్చిన కోర్ 5 120యూ, ఈ మూడింటిలోనూ 2 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లే. కోర్ల వేగం కొద్దికొద్దిగా పెరిగిందంతే. ఆశ్చర్యం ఏమిటంటే ఐ7-1255యూ, ఐ7-1355యూలోనూ అవే 2, 8. రోజువారీ పనికి ఇలా చివర యూ ఉన్న, కరెంటు తక్కువ వాడే రకం ఐ7 కోసం అదనంగా పోసే వేలల్లో చాలా భాగం స్టిక్కర్ ఖరీదే. ఇందులోనే కొనేవాళ్లకి పనికొచ్చే సంగతి కూడా ఉంది. ఒకటి రెండేళ్ల నాటి స్టాక్ బాగా తగ్గించి అమ్ముతుంటే ‘పాత జనరేషన్’ అన్న టెన్షన్ అక్కర్లేదు. వారంటీ పూర్తిగా ఉంటే చాలు.

ఇంతకీ కనీసం ఏది ఉండాలి? విండోస్ 11తో రోజంతా పనిచేయాలంటే ఐ3-1215యూ స్థాయి దాటితే ప్రాసెసర్ అడ్డురాదు. ఎన్100 లాంటి 4 చిన్న కోర్ల చిప్ ఒకసారి ఒకే పని చేసుకునే పిల్లలకి, బిల్లింగ్ కౌంటర్‌కి సరిపోతుంది. 2 కోర్ల సెలెరాన్ ఎన్4020, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (ఎస్‌ఎస్‌డీ కన్నా నెమ్మదైన) స్టోరేజ్‌తో వచ్చేవి ఎంత చవకైనా వద్దు. 64 జీబీలో విండోస్ అప్‌డేట్‌కే చోటు చాలక ఏదో ఒకటి తీసేస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

ర్యామ్ ఎంత అన్నది సగం ప్రశ్నే

విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస ర్యామ్ 4 జీబీ. అది ఇన్‌స్టాల్ అవడానికి సరిపోయే లెక్క. 8 జీబీ ఉన్న మెషీన్‌లో గ్రాఫిక్స్ చిప్ కొంత ముందే పక్కన పెట్టుకుంటుంది. విండోస్, కంపెనీ ఎక్కించి పంపిన యాంటీవైరస్, వాట్సాప్, టీమ్స్ కలిసి ఇంకో సగం దాకా లాగేస్తాయి. మిగిలిన దాంట్లో డజను ట్యాబులు, ఒక గూగుల్ మీట్ కాల్, ఒక ఎక్సెల్ ఫైల్ తెరిస్తే ర్యామ్ నిండిపోయి సిస్టమ్ ఎస్‌ఎస్‌డీని తాత్కాలిక ర్యామ్‌గా వాడుకోవడం మొదలుపెడుతుంది. ట్యాబ్ మార్చినప్పుడల్లా ఒక క్షణం తెల్లగా ఆగిపోయి, ఆ తర్వాత పేజీ వస్తుంది. దీన్నే చాలామంది ‘ప్రాసెసర్ స్లో’ అనుకుంటారు. ఐ7, 8 జీబీ ఉన్నదానికన్నా ఐ3, 16 జీబీ ఉన్నది హాయిగా నడిచే సందర్భాలు ఇందుకే ఎక్కువ.

రెండో సగం, ఆ ర్యామ్ ఎలా అమర్చారు అన్నది. ఎల్‌పీడీడీఆర్ అని రాసి ఉంటే దాదాపు ఎప్పుడూ బోర్డుకే అతికించి ఉన్నట్టు. 7520యూ చిప్ ఎల్‌పీడీడీఆర్5ని మాత్రమే తీసుకుంటుంది కాబట్టి ఆ మెషీన్ 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. మామూలు డీడీఆర్4, డీడీఆర్5 అయితే విడిగా స్లాట్ ఉండే అవకాశం ఉంది. కొన్నిటిలో 8 జీబీ బోర్డు మీద ఉండి పక్కన ఒక స్లాట్ ఖాళీగా ఉంటుంది, అది మంచి ఏర్పాటు. షాపులో డెమో మెషీన్ ఆన్ చేసి ఉంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు వాడకంలో ఉన్నాయో చూపిస్తుంది. కొన్ని మెషీన్లు అతికించిన చిప్‌లని కూడా స్లాట్లుగానే లెక్కేసి చూపిస్తాయి. కాబట్టి కంపెనీ స్పెసిఫికేషన్ పేజీతో సరిచూసుకోవడం మంచిది.

ర్యామ్ ఒకే ముక్కగా ఉందా, రెండు చానళ్లలో (ర్యామ్‌కీ చిప్‌కీ మధ్య దారుల్లో) ఉందా అన్నదీ పట్టించుకోవాలి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో బొమ్మ గీయడానికీ ఇదే ర్యామ్ వాడాలి. ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ ఉన్న ఐ5లో ర్యామ్ ఒకే చానల్‌లో ఉంటే విండోస్‌లో దాని పేరే ‘యూహెచ్‌డీ గ్రాఫిక్స్’గా మారిపోతుంది. పెట్టె మీద ఐరిస్ అని చదివి, ఇంటికొచ్చి యూహెచ్‌డీ అని చూసి షాపువాడితో గొడవకి దిగేవాళ్లుంటారు. అక్కడ మార్చింది చిప్‌ని కాదు, కంపెనీ రెండో ర్యామ్ ముక్క వేయకుండా మిగుల్చుకుంది.

2025 చివరి నెలల నుంచి ఈ లెక్క ఇంకా బిగుసుకుంది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు ఉత్పత్తిని అటు మళ్లించడంతో మామూలు ర్యామ్ ధరలు గట్టిగా పెరిగాయి. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో క్రూషియల్ పేరుతో జనానికి నేరుగా అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ‘ఇప్పుడు 8 జీబీ తీసుకుని తర్వాత చవగ్గా పెంచుకుందాం’ అన్న పాత సలహా ఈ పరిస్థితిలో పనిచేయదు. ముందే 16 జీబీ ఉన్నది తీసుకుని, ఆ మేరకు ఎస్‌ఎస్‌డీ విషయంలో రాజీపడటం నయం. ఎస్‌ఎస్‌డీలో 512 జీబీ అని కొన్నది విండోస్‌లో 476గా కనిపిస్తే మాత్రం ఎవరూ ఏమీ కొట్టేయలేదు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది.

కోపైలట్ ప్లస్ అన్న స్టిక్కర్ గురించి ఒక మాట. దానికి మైక్రోసాఫ్ట్ 2024లో పెట్టిన షరతుల్లో ఏఐ పనుల కోసం సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు చేసే భాగం ఒకటి, 16 జీబీ ర్యామ్ ఇంకొకటి. మొదటిది ఇంట్లో వాడేవాళ్లకి ఇప్పటికైతే పెద్దగా పనిలేదు. రెండోది పనికొస్తుంది. ఆ స్టిక్కర్ ఉందంటే 8 జీబీతో సరిపెట్టలేదన్న భరోసా.

తెలుగు చదవాలంటే స్క్రీన్ ఇంకొంచెం బాగుండాలి

కంపెనీలు ఎక్కువగా మిగుల్చుకునే చోటు ఇదే. షాపుల్లో అంత తేలిగ్గా పట్టుబడనిదీ ఇదే. డెమో మెషీన్లు ఎప్పుడూ ఫుల్ బ్రైట్‌నెస్‌లో, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద మెరిసే రంగుల వీడియోతో నడుస్తుంటాయి. ఆ వీడియో ఆపేసి, తెల్లటి వర్డ్ పేజీ తెరిచి, పక్కకి జరిగి చూస్తే అసలు రంగు బయటపడుతుంది. టీఎన్ రకం ప్యానెల్ అయితే పక్క నుంచి చూసినప్పుడు తెలుపు కాస్తా పసుపులోకో, బూడిదలోకో తిరుగుతుంది. ఐపీఎస్ ప్యానెల్‌లో అలా మారదు.

స్పెసిఫికేషన్ పేజీ అట్టడుగున ‘250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఒక లైన్ ఉంటుంది. 250 నిట్స్ వెలుతురు ట్యూబ్‌లైట్ ఉన్న గదికి సరిపోతుంది. మధ్యాహ్నం కిటికీ పక్కన, వరండాలో, రైల్లో కష్టమే. అలాంటి చోట్ల పనిచేసేవాళ్లకి 300 కనీసం, 400 అయితే సుఖం. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే వెబ్‌లో ఫొటోలు, వీడియోలు తయారయ్యే ఎస్ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా ఈ స్క్రీన్ చూపించలేదని అర్థం. లెక్కలు టైప్ చేసుకునేవాళ్లకి దీంతో ఇబ్బంది లేదు. మంగళగిరి, ఉప్పాడ చీరల ఫొటోలు సరిచేసి ఇన్‌స్టాలో అమ్మేవాళ్లకి మాత్రం ఇది నేరుగా నష్టం. స్క్రీన్ మీద వెలిసినట్టున్న ఎరుపుని సరిచేద్దామని రంగు పెంచితే, కొనేవాళ్ల ఫోన్‌లో అది మండిపోతున్నట్టు కనిపిస్తుంది. తర్వాత ‘ఫొటోలో రంగు ఇది కాదు’ అంటూ చీర తిరిగొస్తుంది. అలాంటి పని ఉంటే ‘100 శాతం ఎస్ఆర్‌జీబీ’ అని రాసి ఉన్న మోడల్‌కి మూడు నాలుగు వేలు ఎక్కువ పెట్టినా వృథా కాదు.

తెలుగు చదివేవాళ్లకి తగిలే ఇబ్బంది ఇంకొకటుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఒక గీత మీద సర్దుకుపోతాయి. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, ఏత్వం ఉంటుంది, కింద వత్తు వేలాడుతుంది. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష ఒక్కదానికే టవత్తు, రవత్తు రెండూ. డకీ ఢకీ, పకీ ఫకీ తేడా అడుగున ఒక చిన్న గీత. అదే ఎత్తులో ఇన్ని వివరాలు పట్టాలంటే చుక్కలు దగ్గర దగ్గరగా ఉండాలి. 15.6 అంగుళాల స్క్రీన్‌లో 1366×768 రెజల్యూషన్ అంటే అంగుళానికి 100 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అయితే 141. అదే ఫుల్ హెచ్‌డీ 14 అంగుళాల్లో 157. వంద చుక్కల స్క్రీన్ మీద చిన్న సైజు తెలుగు వార్త చదివితే వత్తులు అలుక్కుపోయినట్టుంటాయి, కళ్లు గుంజుతాయి. కార్యాలయ ఉత్తర్వులు, భూభారతి, మీభూమి లాంటి భూముల రికార్డుల పేజీలు, ప్రూఫులు రోజూ చూసేవాళ్లకి పాత 1366×768 స్క్రీన్ వద్దు. ఎవరైనా అంటగడితే ఉచితంగా వచ్చినా ఆలోచించాల్సిందే.

ఇదే కారణంతో 16:10 స్క్రీన్లు (వెడల్పు 16 పాళ్లైతే ఎత్తు 10) మన లిపికి నప్పుతాయి. 1920×1200లో ఫుల్ హెచ్‌డీ కన్నా నిలువున 120 వరసలు ఎక్కువ. లైన్ల మధ్య ఎడం ఎక్కువ కావాల్సిన లిపికి ఆ పొడవు అక్కరకొస్తుంది. ఈ మధ్య 50 వేల దరిదాపుల్లోనూ ఇలాంటివి దొరుకుతున్నాయి.

హింజ్, వేడి, బ్యాటరీ

ఈ ధరలో ల్యాప్‌టాప్ ప్రాణం పోయేది తరచుగా హింజ్ దగ్గరే. హింజ్ లోహంతో చేసిందే, అది విరగదు. దాన్ని బిగించిన మరలు ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి గొట్టాల్లో కూర్చుంటాయి. మూత ఒక మూల పట్టుకుని తెరవడం అలవాటైతే బరువంతా ఒక వైపే పడి, ఏడాది రెండేళ్లకి ఆ గొట్టం ప్లాస్టిక్‌తో సహా ఊడొస్తుంది. తర్వాత మూత తెరిచినప్పుడల్లా స్క్రీన్ అంచు విచ్చుకుంటుంది. కొన్నాళ్లకి లోపలి కేబుల్ తెగి తెర చారలు పడుతుంది. వారంటీలో ఉన్నా సర్వీస్ సెంటర్‌లో దీన్ని ‘ఫిజికల్ డ్యామేజ్’ కింద రాసే అవకాశమే ఎక్కువ. కొనేముందు మూత రెండు మూలల్నీ పట్టుకుని కొద్దిగా మెలిపెట్టి చూడాలి, కీబోర్డు మధ్యలో వేలితో నొక్కి ఎంత కుంగుతుందో చూడాలి. ‘మిలిటరీ గ్రేడ్, ఎంఐఎల్-ఎస్‌టీడీ-810హెచ్’ అన్న మాట చూసి మురిసిపోనక్కర్లేదు. అది అమెరికా సైన్యం పరీక్షల ప్రమాణం పేరు. ఆ పరీక్షల్లో ఏవి చేయాలో ఎంచుకునేది కంపెనీయే. అమెరికా రక్షణ శాఖ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు.

వేడి సంగతి మనకి ఇంకా ముఖ్యం. ల్యాప్‌టాప్‌లు పనిచేయాల్సిన గది ఉష్ణోగ్రత సాధారణంగా 35 డిగ్రీల వరకే అని కంపెనీలు రాస్తాయి. యాపిల్ తన మ్యాక్‌బుక్ ఎయిర్‌కి రాసింది కూడా 10 నుంచి 35 డిగ్రీలే. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని మేడ గది ఆ గీత దాటకుండా ఉండదు. గాలే వేడిగా ఉంటే ఫ్యాన్ ఎంత తిరిగినా చిప్ చల్లబడదు, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఐ5-1235యూ మామూలుగా 15 వాట్ల చిప్. కొద్దిసేపు 55 వాట్ల దాకా లాగగలదు. ఆ ‘కొద్దిసేపు’ ఎంతసేపన్నది ఆ మెషీన్‌లో ఎంత పెద్ద ఫ్యాన్, ఎంత రాగి పెట్టారన్న దాని మీద ఉంటుంది. ఒకే చిప్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు పావుగంట తర్వాత వేర్వేరు వేగంతో నడవడానికి కారణం ఇదే. యూట్యూబ్ రివ్యూల్లో ఒక్కసారి నడిపిన బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) కన్నా, పది నిమిషాలు ఆపకుండా నడిపాక వచ్చిన స్కోరు నమ్మదగింది. 45 వాట్ల హెచ్ రకం చిప్ సన్నటి ప్లాస్టిక్ బాడీలో ఉంటే వేగంతో పాటు ఫ్యాన్ మోత, ఒళ్లో వేడి కూడా వస్తాయి. పరుపు మీద పెట్టుకుని వాడే ఇళ్లలో గాలి దారి అడుగునే ఉంటుంది కాబట్టి ఇంకా ఉడికిపోతుంది.

బ్యాటరీ దగ్గర ‘12 గంటలు’ అన్న ప్రకటన పక్కన పెట్టి వాట్ అవర్ అంకె చూడాలి. ఈ ధరలో 41, 42, 47 ఎక్కువగా కనిపిస్తాయి. లెక్క చిన్నది. ఓ మోస్తరు వెలుతురులో బ్రౌజింగ్‌కి సుమారు 8 వాట్లు పోతే 42ని 8తో భాగిస్తే ఐదు గంటల చిల్లర. వీడియో కాల్‌లో 15 వాట్లు లాగితే మూడు గంటలు కూడా రాదు. రెండేళ్లకి సామర్థ్యం 80 శాతానికి దిగితే ఆ ఐదు నాలుగవుతుంది. కాలేజీలో ప్లగ్ దొరకని పిల్లలకి 50కి పైన ఉన్నదే వెతకాలి. ఎప్పుడూ చార్జర్‌కే తగిలించి వాడే ఇళ్లలో కంపెనీ యాప్‌లో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెడితే బ్యాటరీ ఎక్కువ కాలం ఉంటుంది. వేడి, నిండు చార్జ్ రెండూ కలిస్తే లిథియం బ్యాటరీకి అంతకన్నా చేటు లేదు.

చార్జర్ యూఎస్‌బీ-సీ అయితే ఫోన్ చార్జర్ల పుణ్యమా అని పోయినా దొరుకుతుంది. యూరప్‌లో 2026 ఏప్రిల్ 28 నుంచి అమ్మే కొత్త ల్యాప్‌టాప్‌లకి యూఎస్‌బీ-సీ చార్జింగ్ తప్పనిసరి. కంపెనీలు దేశానికో డిజైన్ చేయవు కాబట్టి ఆ మార్పు ఇక్కడికీ వస్తుంది. ఇప్పుడున్న వాటిలో మాత్రం సీ పోర్ట్ కనిపించినంత మాత్రాన చార్జింగ్ ఉన్నట్టు కాదు. కొన్ని డేటాకి మాత్రమే. కెమెరా 720పీ అయితే ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ముఖం మసగ్గానే వస్తుంది. హెచ్‌డీఎంఐ 1.4 అని ఉంటే 4కే టీవీకి తగిలించినప్పుడు సెకనుకి 30 ఫ్రేములే.

లోపలి సాఫ్ట్‌వేర్, పాత మెషీన్లు

‘లైఫ్‌టైమ్ ఆఫీస్’ అన్నది ఏ ఆఫీసో చూసుకోవాలి. ఆఫీస్ 2021కి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13తో ఆగిపోతాయి. ఆ తర్వాత కూడా పనిచేస్తుంది, కానీ సెక్యూరిటీ సవరణలు రావు. ఆఫీస్ 2024 అయితే 2029 దాకా ఢోకా లేదు. మైక్రోసాఫ్ట్ 365 ఒక ఏడాదికి ఇచ్చి లైఫ్‌టైమ్ అన్నట్టు మాట్లాడే సేల్స్‌మెన్‌లూ ఉంటారు.

స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లకి బ్యాటరీ బాగా వస్తుంది, వేడి తక్కువ. బ్రౌజర్, ఆఫీస్ వరకే అయితే మంచి బేరం. కానీ ఇలాంటి ఆర్మ్ రకం చిప్ మీద డ్రైవర్లు దానికోసమే రాసినవై ఉండాలి, ఇంటెల్ కోసం రాసినవి ఎక్కవు. పాత ప్రింటర్లు, జీఎస్టీ, టెండర్ల పనికి వాడే డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర యంత్రాలు ఉన్న ఆడిటర్లు, నెట్ సెంటర్ వాళ్లు ఆ పరికరం కంపెనీ ఆర్మ్ డ్రైవర్ ఇచ్చిందని కళ్లారా చూశాకే డబ్బు కట్టాలి.

20 వేల లోపు బడ్జెట్ అయితే కొత్తదాని కన్నా ఐటీ కంపెనీలు లీజు ముగిసి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ లాంటివి చాలా నయం. హింజ్, కీబోర్డు బలంగా ఉంటాయి, విప్పి బాగుచేయడం తేలిక. థింక్‌ప్యాడ్ టీ480లో రెండు ర్యామ్ స్లాట్లు, బయటికి తీసే బ్యాటరీ ఉన్నాయి. జాగ్రత్త పడాల్సింది ఒక్క గీత దగ్గర. విండోస్ 11కి ఇంటెల్‌లో అధికారికంగా 8వ తరం నుంచే అనుమతి, విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఐ5-6300యూ, ఐ5-7300యూ ఉన్నవి అందుకే అంత చవగ్గా వస్తున్నాయి. వాటిలో విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకుని వాడేవాళ్లకి అదే లాభం. విండోసే కావాలంటే ఐ5-8250యూ, 8350యూ లాంటి 8వ తరం నుంచి పైకి చూడాలి.

కొత్తది కొనేటప్పుడు 50 వేల బిల్లులో 18 శాతం జీఎస్టీ అంటే సుమారు 7,627 రూపాయలు. 2025 సెప్టెంబరులో పెద్ద టీవీలు, ఏసీల మీద పన్ను తగ్గింది కానీ ల్యాప్‌టాప్ ముందూ తర్వాతా 18లోనే ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన నంబర్ మీద బిల్లు తీసుకుని, వ్యాపారానికే వాడితే ఆ మొత్తాన్ని క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అలాంటి వాళ్లకి అదే ధరలో ఒక మెట్టు పై మెషీన్ అందుతుంది. వారంటీ ఆన్‌సైటా, మనమే మోసుకెళ్లాలా అన్నది పెద్ద ఊళ్లలో అంత తెలియదు. పాడేరులోనో ఆసిఫాబాద్‌లోనో ఉండేవాళ్లకి సర్వీస్ సెంటర్‌కి వెళ్లిరావడం అంటే ఒక రోజు పని, బస్సు చార్జీలు అదనం. తమ పిన్‌కోడ్‌కి ఇంటికొచ్చి చేస్తారో లేదో కంపెనీ సైట్‌లోనే చూసుకోవచ్చు.

పెట్టె తెరిచిన రోజే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీన మొదలైందో చూడాలి. బిల్లు తేదీ కన్నా ముందుంటే బిల్లు పంపి సరిచేయించుకోవాలి. విండోస్ బ్యాటరీ రిపోర్ట్ తీసి డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ దగ్గర దగ్గరగా ఉన్నాయా, ఎన్నిసార్లు చార్జ్ అయిందో చూడాలి. కొత్తదన్న మెషీన్‌లో పదుల సార్లు కనిపిస్తే అది ఎవరో వాడి తిరిగిచ్చింది. తెల్ల, నల్ల పేజీలు స్క్రీన్ నిండా పెట్టి చచ్చిన చుక్కలు వెతకాలి. పెట్టె, లోపలి థర్మాకోల్, చార్జర్ కవర్ దాచి ఉంచాలి. ఆన్‌లైన్‌లో మార్చుకునే గడువు సాధారణంగా వారమే. అది దాటాక బయటపడిన లోపానికి కొత్త మెషీన్ రాదు, రిపేరే.